కళింగపట్నం మొగ దాటే బోటుకు ఎన్ని హెచ్‌పీ కావాలి?

సంక్రాంతికి మా బావ ఓడ దిగి ఇంటికొచ్చాడు. పాతికేళ్లు సరుకు ఓడల డెక్కు మీద పనిచేసిన మనిషి. ఇంక ఆ ఉద్యోగం చాలు, కళింగపట్నంలో సొంత బోటు దించుతానన్నాడు. వేటకి కాదు. ఇంటిల్లిపాదీ ఎక్కి తీరం వెంబడి బారువ దాకా, వీలైతే విశాఖ దాకా తిరిగి రావడానికి. ముప్పై అడుగుల ఫైబర్ బోటు, ముందు చిన్న క్యాబిన్, వెనక కూర్చునే చోటు, లోపల డీజిల్ ఇంజను. బోటు కట్టేవాళ్ల దగ్గర మూడు కొటేషన్లు తెచ్చి నా ముందు పరిచాడు. ఒకదాంట్లో 40 హెచ్‌పీ, ఇంకోదాంట్లో 80, మూడోదాంట్లో 200.

"ఏటి బావా, రెండొందలు ఏయించీమంతావా? ఎక్కువుంటే పోయేదేటుంది?" అన్నాడు.

పోయేది చాలా ఉంది. ఇరవై రెండేళ్లు విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోటు ఇంజన్లు విప్పి బిగించాను. బలం చాలక ఇబ్బంది పడ్డ బోట్లనీ చూశాను, అవసరానికి మించి పెట్టించుకుని ఇంజను పాడుచేసుకున్న వాళ్లనీ చూశాను. బావకి ఆ రోజు చెప్పిన మాటలే కొంచెం సర్ది ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి బోటు కొంటామని నన్ను అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు.

ముందు చూడాల్సింది ఇంజను కాదు, బోటు అడుగు, అంటే నీళ్లలో మునిగి ఉండే కింది భాగం ఆకారం. తన బరువంత నీటిని పక్కకి నెట్టుకుంటూ నెమ్మదిగా పోయే గుండ్రటి అడుగు ఒక రకం. వేగం అందుకోగానే నీటి మీదికి లేచి జారుతూ పోయే వి ఆకారపు అడుగు ఇంకో రకం. ఈ రెంటికీ మధ్యది మూడోది. ముందు వి లాగా కోసుకెళ్తుంది, వెనక్కి వచ్చేసరికి చదునుగా ఉంటుంది. పూర్తిగా పైకి లేవదు గానీ, వేగం పెంచితే నడుం వంచినట్టు కూరుకుపోదు.

గుండ్రటి అడుక్కి ఒక హద్దు ఉంది. బోటు నీటిని తాకే పొడవు అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణించండి. వచ్చిన అంకే నాట్లలో దాని సహజ వేగం (ఒక నాటు అంటే గంటకి ఒక నాటికల్ మైలు). బావ బోటు మొత్తం 30 అడుగులైనా నీటిని తాకేది 27 అడుగులే. లెక్క కడితే 7 నాట్లు, అంటే గంటకి 13 కిలోమీటర్లు. ఆ వేగంలో బోటు లేపే అల పొడవూ, బోటు పొడవూ ఒకటైపోతాయి. ఆపైన ఎంత బలం ఇచ్చినా ముక్కు ఆకాశం చూస్తుంది, వెనక భాగం తను లేపిన పల్లంలోనే దిగబడుతుంది.

ఇది కళ్లారా చూశాను. 28 అడుగుల పాత వేట బోటు ఒకటి, 24 హెచ్‌పీ ఇంజనుతో ఆరున్నర నాట్లు పోయేది. కొన్నాయన దాన్ని షికారు బోటుగా మార్చి, 60 హెచ్‌పీ పెట్టించాడు. ట్రయల్‌కి నేనూ ఎక్కాను. లీవరు చివరిదాకా తోస్తే ఏడున్నర దగ్గర ముల్లు ఆగిపోయింది. వెనక డెక్కు మీది నీళ్లు బయటికి పోవడానికి పెట్టిన కన్నాల్లోంచి సముద్రపు నీళ్లే లోపలికి చిమ్మాయి. రెండున్నర రెట్ల ఇంజను పెట్టి ఆయన సంపాదించింది ఒక్క నాటు.

అందుకని కొటేషన్ ఇచ్చినవాళ్లని మొట్టమొదట అడగాల్సింది అడుగు ఏ రకమని. గుండ్రటి అడుక్కి 200 రాసిస్తే ఆ కాగితం అక్కడే మడిచి ఇచ్చేయొచ్చు.

రెండోది బరువు. కాగితం మీద రాసేది ఖాళీ బోటు బరువు. బావ కాగితంలో 3.2 టన్నులు అని ఉంది. ఇంజనూ గేరుబాక్సూ కలిపి 400 కిలోలు. 300 లీటర్ల డీజిల్ 250 కిలోలు. మంచినీళ్లు వంద. ఎనిమిది మంది మనుషులు 560. లంగరు, గొలుసు, బ్యాటరీలు, ఐసుపెట్టె, వంట సామాను కలిపి ఒక 400. మొత్తం ఐదు టన్నులకి దగ్గరగా వచ్చింది. బలం లెక్క ఈ ఐదు టన్నులకి కట్టాలి.

ఐదు టన్నుల బోటు, నీటిమీద 27 అడుగుల పొడవు. నిలకడ నీళ్లలో 6 నాట్లు పోవడానికి ప్రొపెల్లరు షాఫ్టు మీద సుమారు 14 హెచ్‌పీ చాలు. 7 నాట్లకి 22 కావాలి. 8 నాట్లకి, అదీ అడుగు మధ్యరకమైతేనే, 33. ఒక్కో నాటుకీ కొంచెం కొంచెం పెరిగే వ్యవహారం కాదిది. వేగం ఎంత పెరిగితే దాని ఘనం మేరకి బలం పెరగాలి. డీజిల్ లెక్క తేలికే: వాడుకునే ఒక్కో హెచ్‌పీకి గంటకి 200 మిల్లీలీటర్లు. ప్లేటు మీద చెక్కిన హెచ్‌పీకి కాదు, అప్పుడు నిజంగా వాడుతున్న హెచ్‌పీకి.

ఇప్పుడు మూడు కాగితాలనీ బారువ తీసుకెళ్దాం. కళింగపట్నం నుంచి బారువకి సముద్రం మీద సుమారు 42 నాటికల్ మైళ్లు.

40 హెచ్‌పీ ఇంజను, గుండ్రటి అడుగు. 6 నాట్ల మీద ఏడు గంటల ప్రయాణం, 20 లీటర్ల డీజిల్. 7 నాట్ల మీద ఆరు గంటలు, 27 లీటర్లు. ఇంజను సగం బలం మీద హాయిగా నడుస్తుంది, ఎదురుగాలికి ఇంకా 18 హెచ్‌పీ చేతిలో ఉంటుంది. టర్బో లేని సాదా ఇంజను కాబట్టి పూండీలోనో పలాసలోనో కాస్త పనితెలిసిన డీజిల్ మెకానిక్ దొరికినా అత్యవసరానికి చెయ్యి పెట్టగలడు.

80 హెచ్‌పీ, మధ్యరకం అడుగు. అరవై హెచ్‌పీ వాడితే తొమ్మిదిన్నర, పది నాట్ల మధ్య పోతుంది. నాలుగున్నర గంటల్లో బారువ, 52 లీటర్లు. పూర్తి బలం మీద పదిన్నర దాటుతుంది. అదే ఇంజనుతో 7 నాట్లకి దించుకుని నడిపితే మొదటి దాని ఖర్చుకి దగ్గరగానే వస్తుంది.

200 హెచ్‌పీ, వి అడుగు. పూర్తి బలం మీద 20 నాట్లు, నూట యాభై వాడితే పదిహేడున్నర. రెండున్నర గంటల్లోపే బారువ చేరుస్తుంది, 72 లీటర్లు తాగుతుంది. మొదటిదానికి మూడున్నర రెట్లు. ఇది అద్దంలాంటి సముద్రం మీద లెక్క. మన దగ్గర ఎండాకాలం మధ్యాహ్నం అయ్యేసరికి సముద్రపు గాలి లేచి అడుగున్నర, రెండడుగుల పొట్టి అలలు దగ్గర దగ్గరగా కొడతాయి. వాటి మీద 17 నాట్లు అంటే బోటు గాల్లోకి లేచి ధడేల్మని పడడమే. వెనక కూర్చున్న పెద్దవాళ్ల నడుం విరుగుతుంది. దాంతో లీవరు వెనక్కి లాగుతారు. 9 నాట్లకి దిగితే అది నీటి మీదికీ లేవదు, నీటిలోనూ కుదురుగా ఉండదు; ముక్కు పైకెత్తి దున్నుకుంటూ పోతుంది. కొన్న వేగం మధ్యాహ్నం పన్నెండుకే అయిపోయినట్టు.

తిరుగు ప్రయాణం మర్చిపోకండి. మన తీరం వెంబడి ఫిబ్రవరి నుంచి మే దాకా నీటి పోకడ ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా దక్షిణానికి. ఏప్రిల్‌లో బారువ నుంచి కళింగపట్నం వచ్చేటప్పుడు నీరు ఎదురు, నైరుతి గాలీ ఎదురే. ఎదురు పోకడ ఒకటిన్నర నాట్లుంటే 6 నాట్ల బోటు నేల మీద లెక్కన నాలుగున్నరే కదులుతుంది. ఏడు గంటలది తొమ్మిది గంటలు దాటుతుంది. ట్యాంకులో ఎంత పోయాలన్నది ఈ తొమ్మిది గంటల లెక్క మీద తేల్చాలి. మూడు భాగాలు చేసి, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి, మూడోది ముట్టుకోకుండా ఉంచడం నా పద్ధతి.

ఇంతవరకూ చూస్తే 40 గెలిచినట్టే. బావ కూడా అదే అన్నాడు. అప్పుడు అడిగాను, "బోటు ఎక్కడ కట్టేస్తావు?" అని.

నేను మొదటినుంచీ రావాలనుకున్నది ఈ ప్రశ్న దగ్గరికే. విశాఖ హార్బర్ లోపల కట్టేసే బోటుకి, వంశధార మొగలోంచి, అంటే ఏరు సముద్రంలో కలిసే చోటు నుంచి, లోపలికి రావాల్సిన బోటుకి ఒకే ఇంజను సరిపోదు. శ్రీకాకుళం జిల్లాకి 193 కిలోమీటర్ల తీరం ఉన్నా, చాలా ఊళ్లలో బోటుని ఇసుక మీదికి లాగడమో, ఏటి మొగలోంచి లోపలికి తెచ్చుకోవడమో తప్పదు. కళింగపట్నంలో వంశధార, బారువలో మహేంద్రతనయ, అటు విజయనగరం జిల్లా కోనాడలో చంపావతి. ప్రతి మొగ దగ్గరా ఇసుక దిబ్బ ఉంటుంది, అది ఒక ఏడాది ఉన్నచోట ఇంకో ఏడాది ఉండదు. ఆటు సమయంలో ఏటినీరు బయటికి తోస్తుంటే, సముద్రపు అల లోపలికి వస్తుంటే, రెండూ కొట్టుకునేచోట కెరటం నిలువుగా లేచి విరుగుతుంది.

బయటికి పోయేటప్పుడు అల ఎదురొస్తుంది, కళ్ల ముందు కనిపిస్తుంది, ఆగి చూసి దాటొచ్చు. ప్రాణం మీదికి వచ్చేది లోపలికి వచ్చేటప్పుడు. అల వెనక నుంచి తరుముతుంది. లోతు తక్కువైన చోట అల వేగం ఆ లోతుని బట్టే ఉంటుంది: రెండు మీటర్ల లోతులో సుమారు 8.6 నాట్లు, ఒకటిన్నర మీటర్లలో ఏడున్నర. మన మొదటి బోటు పూర్తి బలం మీదైనా ఏడు, ఏడున్నర దగ్గర ఆగిపోతుంది. అంటే దిబ్బ మీద ప్రతి అలా దాన్ని అందుకుంటుంది. అందుకున్న అల వెనక భాగాన్ని ఎత్తేస్తే చుక్కాని గాల్లోకి వస్తుంది, ముక్కు నీళ్లలో గుచ్చుకుంటుంది, బోటు అడ్డం తిరుగుతుంది. అడ్డం తిరిగిన బోటు మీద తర్వాతి కెరటం పడుతుంది.

బందరువానిపేట తండేలు (వేట బోటు నడిపించే పెద్ద) ఒకాయన ఈ సంగతి లెక్కలేవీ లేకుండా చెప్పాడు. "కెరటం ఈపెక్కి కూకోవాల బాబూ. దాన్తో పాటు రావాల. అది మనల్ని దాటకూడదు, మనం దాన్ని దాటకూడదు." ఆయన ఫైబర్ తెప్ప తేలిక, ఒక మనిషి తెడ్డుతో వెనక నిలబడతాడు, ఆగమంటే ఆగుతుంది, ఉరకమంటే ఉరుకుతుంది. ఐదు టన్నుల క్యాబిన్ బోటు అలా వినదు. దానికి అల వీపు మీద నిలవాలంటే పది నాట్లు అందుకునే బలం కావాలి, ఆ బలాన్ని పట్టుకునే అడుగు కావాలి. ఆ పని పది నిమిషాలే. కానీ బోటు ఎన్ని హెచ్‌పీదో తేల్చాల్సింది ఆ పది నిమిషాలే.

కాబట్టి నా మాట ఇది. బోటు విశాఖ హార్బర్‌లోనో, నిండుగా లోతున్న, కట్టకట్టిన రేవులోనో ఉండేదైతే 40 హెచ్‌పీ, గుండ్రటి అడుగు తీసుకోండి. ఇంకో ఆలోచన వద్దు. వంశధార మొగ, చంపావతి మొగ దాటి రావాల్సిందైతే 80 హెచ్‌పీ, మధ్యరకం అడుగు. దారంతా ఏడెనిమిది నాట్ల మీద నెమ్మదిగా తిరగండి, మిగిలిన బలం మొగకి దాచుకోండి. 200 హెచ్‌పీ నేను సలహా ఇచ్చేది ఒక్కళ్లకే: పొద్దున్నే బయల్దేరి రెండు గంటల్లో మనుషుల్ని చేర్చి మధ్యాహ్నంలోపు తిరిగి రావాల్సిన పని ఉన్నవాళ్లకి. బారువ దగ్గర 1917లో మునిగిన చిల్కా ఓడ చూపించడానికి డైవింగ్ వాళ్లని తీసుకెళ్లే బోటు లాంటిది. వాళ్లైనా జనవరి నుంచి మార్చి దాకా ఒడ్డుకి దగ్గర్లో వేగం తగ్గించుకోవాలి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అది. ఊపిరి కోసం పైకొచ్చిన తాబేలుకి 17 నాట్ల బోటు నుంచి తప్పుకునే సమయం ఉండదు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన చితికిన డిప్పలు చూసినవాణ్ణి, అందుకే చెబుతున్నాను.

హెచ్‌పీ తేలాక కూడా పని సగమే అయినట్టు. ఇంజను చేసిన బలాన్ని నీటికి అందించేది ప్రొపెల్లరు. జనం బేరమాడేది ఇంజను దగ్గర, డబ్బు మిగుల్చుకునేది గేరుబాక్సు దగ్గర. ఇది తలకిందుల పద్ధతి. నిమిషానికి 3,000 చుట్లు తిరిగే 40 హెచ్‌పీ ఇంజనుకి తగ్గింపు లేకుండా నేరుగా షాఫ్టు తగిలిస్తే 11 అంగుళాల చిన్న ప్రొపెల్లరే పడుతుంది. అదే ఇంజనుకి రెండున్నరకి ఒకటి తగ్గించే గేరుబాక్సు పెడితే షాఫ్టు 1,200 చుట్లే తిరుగుతుంది, 19 అంగుళాల ప్రొపెల్లరు పడుతుంది. కట్టేసిన బోటుని లాగే బలం లెక్కకడితే చిన్నదానికి 315 కిలోలు, పెద్దదానికి 450. ఇంజను అదే, డీజిల్ అదే. బరువైన బోటుకి ఎదురు కెరటంలో పనికొచ్చేది ఈ నెమ్మదైన పెద్ద ప్రొపెల్లరే. అందుకే అడుగు కింద 19 అంగుళాలకి చోటు వదిలారా లేదా అన్నది బోటు అచ్చులో ఉన్నప్పుడే కొలుచుకోవాలి. తర్వాత కొలిస్తే లాభం లేదు.

ప్రొపెల్లరు మరీ బరువైనదైనా చేటే. మూడేళ్ల కిందట భావనపాడు దగ్గర ఒక బోటు చూడమని పిలిచారు. కొత్త ఇంజను, నాలుగు నెలలు కాలేదు. వెనక పలక మీద వేలు పెట్టి రాస్తే గోరు దాకా నల్లటి మసి అంటుకుంది, నూనెలా జిగటగా. లీవరు పూర్తిగా తోస్తే ఆర్‌పీఎం ముల్లు 2,900 దగ్గర వణుకుతూ నిలబడిపోయింది. ఆ ఇంజను 3,600 అందుకోవాలి. ప్రొపెల్లరు పిచ్, అంటే ఒక చుట్టుకి ముందుకు సాగాల్సిన దూరం, నాలుగంగుళాలు ఎక్కువ వేశారు. లారీని టాప్ గేరులో ఘాటు ఎక్కించినట్టు నాలుగు నెలలు నడిపారు. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 చుట్లు పెరుగుతాయి. మార్పించాక ముల్లు 3,550 దాటింది, పొగ ఆగింది. కానీ అప్పటికే వాల్వుల మీద కాలిన గుర్తులు పడ్డాయి.

ప్లేటు మీది హెచ్‌పీ గురించి రెండు మాటలు. ఆ అంకె 25 డిగ్రీల గాలిలో కొలిచింది. మే నెలలో మన బోటు ఇంజను పెట్టెలో చెయ్యి పెడితే తెలుస్తుంది ఎంత వేడో. గాలి వచ్చే దారి, పోయే దారి పెద్దవిగా పెట్టించండి. అయినా ఐదు నుంచి పది శాతం పోయిందనే లెక్కేసుకోండి. అలాగే ఒకే ఇంజను దిమ్మని కొన్నిచోట్ల 80 అని, కొన్నిచోట్ల 60 అని అమ్ముతారు. 80 అన్నది సరదా వాడకం రేటింగు, పూర్తి బలం కొద్దిసేపే ఇవ్వగలదు. 60 అన్నది రోజంతా ఆగకుండా ఇవ్వగలిగేది. రెండు కంపెనీల ధరలు పోల్చేముందు రెండు కాగితాల్లోనూ ఒకే రేటింగు ఉందో లేదో చూడండి.

ఎక్కువ పెట్టించుకుంటే పోయేదేముందన్న బావ ప్రశ్నకి జవాబు ఇక్కడ ఉంది. డీజిల్ ఇంజను బరువు మొయ్యాలి. 200 హెచ్‌పీ ఇంజనుతో గంటల తరబడి 15 హెచ్‌పీ పని చేయిస్తే సిలిండరు వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు, సిలిండరు గోడలు అద్దంలా నున్నబడిపోయి నూనె నిలవదు. కొన్నాళ్లకి నూనె తాగడం మొదలుపెడుతుంది. 80 హెచ్‌పీ ఇంజనుతో 22 నుంచి 33 వాడడం అంత చేటు కాదు. అయినా బయటికి వెళ్లిన ప్రతిసారీ ఒక ఇరవై నిమిషాలు ముప్పాతిక బలం మీద పరిగెత్తించండి.

మొగలో తిరిగే బోటుకి ఇంకో శత్రువు ఇసుక. ఇంజనుని చల్లబరిచే సముద్రపు నీటిని లాగే పంపులో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది. ఒకసారి ఆటులో మొగ దాటుతుంటే వేడి ముల్లు 98కి ఎక్కింది. లోపలికొచ్చి లంగరు వేసి పంపు మూత విప్పితే ఆరు రెక్కల్లో మూడే ఉన్నాయి, మిగతావి ఇసుక రాసి రాసి వేరుదగ్గర తెగి కూలర్ గొట్టంలో ఇరుక్కున్నాయి. చాతనైతే బోటు అడుగు వెంబడి గొట్టాలు బిగించి, లోపలి మంచినీళ్లే తిరిగేలా చల్లబరిచే ఏర్పాటు చేయించండి. కుదరకపోతే రెండు రబ్బరు చక్రాలు, మూత స్క్రూలకి సరిపోయే స్క్రూడ్రైవరు ఎప్పుడూ బోటులో ఉండాలి.

ఒక 80 బదులు రెండు 40లు పెట్టించొచ్చా అని బావ అడిగాడు. ఒకటి ఆగిపోతే ఇంకోటి ఉంటుందన్న ధైర్యం నిజమే. కానీ రెండు ఇంజన్లతో ప్రొపెల్లర్లు పక్కలకి బయటికి వస్తాయి, వాటిని కాసే కీలు (బోటు అడుగున నడిమధ్య ముందునుంచి వెనక్కి ఉండే వెన్నెముక లాంటి భాగం) ఉండదు. మన తీరంలో రాత్రిళ్లు వేసిన వలలు ఎక్కడ ఉన్నాయో తెలీదు. తగిలితే రెంటికీ చుట్టుకుంటాయి, పైగా ఎవరో ఒకరి బతుకుతెరువు తెగిపోతుంది. కీలు వెనక దాగిన ఒక్క పెద్ద ప్రొపెల్లరు, దానికి తోడు వెనక బ్రాకెట్ మీద పది హెచ్‌పీ లోపు చిన్న అవుట్‌బోర్డు ఇంజను చాలు. ఆ చిన్న ఇంజను ఎండాకాలంలో మరీ ముఖ్యం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, మర బోట్లు సముద్రంలోకి రావు. మిగతా రోజుల్లో చెయ్యి ఊపితే తాడు అందించే బోటు ఏదో ఒకటి కనిపిస్తుంది. ఆ 61 రోజులు కనుచూపు మేరలో ఎవరూ ఉండరు.

బావ చివరికి 80 హెచ్‌పీ కాగితం పక్కకి తీసి పెట్టుకున్నాడు. ఆఖరి వాయిదా డబ్బు కట్టేముందు ట్రయల్ ఎలా చెయ్యాలో దాని వెనకే రాసిచ్చాను. ట్యాంకు నిండా డీజిల్, మంచినీళ్లు. ఎనిమిది మంది మనుషులు, దొరక్కపోతే ఇసుక బస్తాలు. మొగ బయట పది మీటర్ల లోతులో, జీపీఎస్ పెట్టుకుని ఒకసారి గాలికి ఎదురుగా, ఒకసారి గాలితో పాటు, రెంటి సగటు తీసుకోవాలి. లీవరు పూర్తిగా తోసి ఐదు నిమిషాలు ఉంచాలి. కంపెనీ రాసిన పూర్తి ఆర్‌పీఎం అందాలి, వేగం పది నాట్లు దాటాలి, వెనక నల్లపొగ కనిపించకూడదు. ఆర్‌పీఎం వంద తక్కువైనా ప్రొపెల్లరు మార్చి ఇవ్వమనాలి. ఆ తర్వాతే చెక్కు.